వెనుక అట్ట మీది రాత

మూడో రోజు కూడా జలపతిరావు మారు అన్నం పెట్టించుకోలేదు.

కంచంలో వేసినంత తిన్నాడు. పచ్చిపులుసు బాగుందనీ అనలేదు, ఉప్పు తక్కువైందనీ అనలేదు. చెయ్యి కడిగి, తువాలుతో తుడుచుకుంటూ ఒకసారి రేడియో వైపు చూశాడు.

రేడియో మీద నవల అట్లాగే ఉంది. మొన్న మధ్యాహ్నం దుకాణం నుంచి తెచ్చి ఎట్లా పెట్టాడో అట్లాగే, వెనుక అట్ట సగం తెరుచుకుని పడి ఉంది. రేడియోకు సరళాదేవి కుట్టిన గుడ్డ తొడుగు ఉంది. పుస్తకం తీస్తే గాని తొడుగు లేవదు, తొడుగు లేస్తే గాని మీట తిరగదు. అందుకని ఆ ఇంట్లో మూడు రోజులుగా వార్తలు కూడా లేవు.

"పెరుగు వేస్తున్న. ఇంకింత పెట్టుకోండి," అని సరళాదేవి ఇందాక అంటే, "సాలు," అన్నాడంతే.

పదకొండేళ్ల కాపురంలో ఆయన 'సాలు' ఎన్ని రకాలుగా అనగలడో ఆమెకు తెలుసు. ఇది కడుపు నిండిన 'సాలు' కాదు.

గడప పక్కన పీట మీద కూర్చుని అత్తగారు లీలాబాయి చింతపండులోంచి గింజలు తీస్తోంది. ఆమెకు అరవై రెండేళ్లు. కళ్లకు పొర కమ్మింది. ఒక కంటికి ఆపరేషన్ చేయించినా మనిషి ఆకారం తప్ప అక్షరం కనిపించదు. చెవులు మాత్రం సందు చివర మోగిన సైకిలు బెల్లు ఎవరిదో చెప్పేస్తాయి.

జలపతిరావు చెప్పులు వేసుకుంటూ, గోడకు చెప్తున్నట్టుగా అన్నాడు.

"ఇయ్యాల దేవదాస్ వస్తడు గదా. బుక్కు ఇచ్చెయ్యి. ఇగ మల్ల తేవద్దని చెప్పు."

"ఏంది తేవద్దనేది?" అంది లీలాబాయి.

"నవలలే అవ్వా. ఇగ ఈ ఇంట్లకు నవల రావద్దు," అన్నాడు తల్లితో.

"మరి నాకు పొద్దెట్ల పోతది?"

"రేడియో ఉన్నది గదా."

"రేడియో మీద నువ్వు బుక్కు పెట్టినవ్ గదరా."

జలపతిరావు రెండో చెప్పు వేసుకున్నాడు. అరుగు దిగి ఎరువుల దుకాణానికి వెళ్లిపోయాడు.

*

ఇంత గొడవకూ కారణం ఒక పెన్సిలు.

దేవదాస్ నవలలు అద్దెకిచ్చే మనిషి. సుల్తానాబాద్ బస్టాండు దగ్గర చిన్న గది, గది నిండా నవలలు. బస్టాండు దాకా వచ్చి తీసుకోలేని ఆడవాళ్లకు తానే సైకిలు మీద సంచీలో తెచ్చి ఇస్తాడు. చదివినవాళ్లు ఊరుకుంటారా? అంచుల్లో ఏదో ఒకటి రాసేవారు. 'ఇక్కడ ఏడుపు వస్తది', 'వీడే దొంగ, నమ్మకు' అని. కథ ముందే తెలిసిపోతోందని మిగతావాళ్లు దేవదాస్‌ను తిట్టేవారు. అతను కొన్నాళ్లు అందరినీ తిట్టి, చివరికి ప్రతి పుస్తకం వెనుక అట్ట లోపల ఒక తెల్ల కాగితం అంటించాడు. దాని మీద ఇట్లా రాశాడు: 'చెప్పేది ఉంటే ఇక్కడ చెప్పండి. పెన్సిల్‌తోనే. పేర్లు వద్దు.'

అప్పటి నుంచి ఆ ఊళ్లో నవలను వెనుక నుంచి చదవడం మొదలైంది.

ఆ రాతల్లో ఒక రాతకు విలువ ఎక్కువ. నిలువుగా, పొందికగా, వరసకు వరస అంటుకోకుండా ఉండే రాత. ఎవరిదో తెలియదు. 'వెనుక అట్ట ఆమె' అనేవారు. ఆమె బాగుందంటే ఆ నవల నెల రోజులు దేవదాస్ గదికి తిరిగి రాదు. బాగాలేదంటే గదిలోంచి కదలదు.

ఆ రాత సరళాదేవిది. మాటలు చాలావరకు లీలాబాయివి.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కోడలు చదివేది, అత్త వినేది. మొదట్లో ముద్దూ మురిపెం ఉన్న చోట సరళాదేవి సిగ్గుపడి రెండు వరుసలు దాటేసేది. లీలాబాయి చింతపండు మీద చెయ్యి ఆపి, "నడుమ ఏదో మింగినవ్. కక్కు," అనేది. కక్కక తప్పేది కాదు. కొన్నాళ్లకు సిగ్గు కూడా పోయింది.

పుస్తకం అయిపోయాక అత్త తీర్పు చెప్పేది. "గీ డాక్టర్ గాడు దవాఖాన మొఖం చూసిండా?" అని ఆమె అంటే, సరళాదేవి దాన్ని కాగితానికి తగినట్టు మార్చి రాసేది: 'ఈ డాక్టరు రెండు వందల పేజీల్లో ఒక్క రోగిని కూడా చూడలేదు. నాయికకు జ్వరం వస్తే మాత్రం తెల్లవార్లూ కూర్చున్నాడు. మిగతా వార్డు ఏమైందో తెలియదు.'

ఇంకొక నవలకు: 'ఇందులో అందరూ కాఫీ తాగుతారు. ఎవరూ గిన్నెలు తోమరు.'

నాయకుడు చెంప మీద కొట్టగానే నాయిక మనసు కరిగిన నవల ఒకటి ఆ సంవత్సరం, అంటే ఎనభై ఆరులో, ఊరంతా తిరిగింది. దానికి: 'కొట్టిన చోట ప్రేమ పుట్టిందట. మాకు తెలిసి వాపు పుడుతుంది.'

అన్నీ తిట్లే కాదు. హాస్టల్లో ఉండే ఇద్దరు ఆడపిల్లల కథ ఒకటి వచ్చింది. దానికి ఇట్లా రాశారు: 'ఈ పిల్ల ఏడవలేదు. ఇరవై పేజీల దాకా కోపంగానే ఉంది. చాలా రోజులకు ఒక నిజం పిల్ల కనిపించింది. రెండుసార్లు చదవండి.' ఆ పుస్తకం తిరిగి తిరిగి చివరికి కుట్లు ఊడిపోయింది.

రేడియో మీద ఉన్నది పైలట్ నవల. పైలట్ పెళ్లాన్ని నానా మాటలూ అని, చివరి పేజీలో తప్పు ఒప్పుకుని దగ్గరికి వస్తాడు. ఆ చివరి భాగం చదివిన రోజు లీలాబాయి ఒళ్లు వెచ్చబడి నిద్రపోయింది. సరళాదేవి ఒక్కతే ముగించింది. ఒక్కతే రాసింది. రాసింది ఎప్పటిలాగా అత్తకు తిరిగి చదివి వినిపించకుండానే దేవదాస్‌కు ఇచ్చేసింది.

తరువాత పుస్తకం దామోదర్‌రావు ఇంటికి పోయింది. దామోదర్‌రావు జలపతిరావుకు బావ వరస, పక్క వీధి. అతని భార్య జానకీబాయి వెనుక అట్ట చూస్తూనే ఆ రాత పట్టేసింది. ఏటా సరళాదేవి వాళ్లింటికి మామిడి తొక్కు పంపుతుంది. జాడి మీద 'ఆవ తక్కువ, ఈ ఏటిది, ముందు పాతది తినండి' అని చీటీ అంటిస్తుంది. ఆ నిలువు రాతే ఇది. జానకీబాయి నవ్వుతూ మొగుడికి చూపించింది. ఆమె చేసిన పాపం అంతే.

దామోదర్‌రావు ఆ పుస్తకం చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. బస్తాల మీద నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు.

"బావా, మీ ఇంట్ల ఎవలో ఎవల మీదనో కోపం మీద ఉన్నరట," అని, వెనుక అట్ట అందరూ వినేటట్టు చదివాడు.

నలుగురూ నవ్వారు. జలపతిరావు కూడా నవ్వాడు. పుస్తకం మాత్రం తీసి పెట్టుకున్నాడు.

*

మొగుడు వెళ్లాక సరళాదేవి కంచం తీసి, నేల తుడిచి, వచ్చి కూర్చుంది.

"నాకు చెప్పకుంట ఏం రాసినవో ఇప్పుడన్న చదువు," అంది లీలాబాయి.

మూడు రోజులుగా ఆమె ఈ మాట అడగలేదు. అడగకపోవడమే సరళాదేవికి కష్టంగా ఉండేది. లేచి రేడియో దగ్గర నిలబడి, పుస్తకాన్ని ముట్టుకోకుండా వంగి చదివింది.

"'చివరి పేజీలో భర్త వచ్చి చెయ్యి పట్టుకోగానే ఆమె అంతా మరిచిపోయింది. మూడు వందల పేజీల బాధ మూడు వరుసల్లో అయిపోయింది. రచయితకు బస్సు వేళ అయినట్టుంది. నేనుండే ఇంట్లో ఒక మాట అన్నవాళ్లు దాన్ని ఎప్పుడో మరిచారు. పడ్డవాళ్లు మరవలేదు. తప్పయిందని ఎవరూ అనలేదు. అయినా మూడు పూటలా వంట అవుతూనే ఉంది.'"

లీలాబాయి చేతులు ఆగలేదు. గింజలు ఒకవైపు, పండు ఒకవైపు పెడుతూనే ఉంది.

"పరీక్ష నాటి మాటనా?" అంది చివరికి.

సరళాదేవి ఉలిక్కిపడింది. "మీకు తెలుసా అత్తమ్మా?"

"నేను గా దినం పక్క అర్రల ఉన్న. విన్న."

పెళ్లినాటికి సరళాదేవి బి.ఏ. రెండేళ్లు చదివింది. పెళ్లయిన ఏడే మూడో ఏడు పరీక్షకు ప్రైవేటుగా కట్టింది. రాత్రింబవళ్లు చదివింది. ఆ ఇంటి ఉత్తరాలన్నీ దుకాణంలోనే ఇచ్చిపోతారు. హాల్ టికెట్ వచ్చిందా అని వారం రోజులు మొగుణ్ణి అడిగింది. రాలేదు, రాలేదు అన్నాడు. పరీక్ష రోజు వచ్చేసింది. ఆమె కూర్చుని ఏడుస్తుంటే జలపతిరావు, "పోనీ తియ్. పాసయి నువ్వు ఎవల్ని ఉద్ధరించేదున్నది," అన్నాడు. ఇంటర్ రెండుసార్లు తప్పి దుకాణంలో కూర్చున్న మనిషి ఆ మాట అనడం ఆమెకు ఇంకా మంటగా తోచింది. హాల్ టికెట్ రాకపోవడం తన ఖర్మ అనుకుంది. మాటను మాత్రం ఖర్మ అనుకోలేకపోయింది.

"గప్పుడే వాణ్ణి అడుగవలసి ఉండె నేను," అంది లీలాబాయి. "మొగపిల్లగాడు గదా, నా కొడుకు గదా అని ఊకున్న. ఊకున్నోళ్లది గూడ తప్పే."

"మీదేమున్నది అత్తమ్మా."

"ఉన్నది. బుక్కు దేవదాస్‌కు ఇయ్యకు. వాడు దుకాణం నుంచి రానీ. నాకు పనున్నది."

*

మూడు గంటలకు సైకిలు బెల్లు మోగింది.

దేవదాస్ అరుగు దగ్గరే నిలబడ్డాడు. సంచీలోంచి రెండు కొత్త నవలలు తీశాడు.

"కరీంనగర్ పోయి నిన్ననే తెచ్చిన అమ్మా. ఒకటేమో ఇంజనీర్‌ది, ఒకటి కాలేజీ పిల్లది. ఇంజనీర్‌ది జనం మస్తు అడుగుతున్నరు. మీరు చూసినంకనే ఇద్దామని పక్కకు పెట్టిన."

"వద్దు దేవదాస్," అంది సరళాదేవి. "ఇగ మాకు తేకు."

అతని మొఖం వాడిపోయింది. ఊళ్లో మాట అతనికీ చేరే ఉంటుంది. ఎందుకని అడగలేదు.

"అమ్మా, ఎవల రాతనో నేను ఎన్నడు ఎవలకు చెప్పలే. నర్సింహస్వామి సాక్షి."

"నాకు తెలుసు. నీ తప్పు లేదు."

దేవదాస్ పోబోయి ఆగాడు. సంచీ అడుగు నుంచి మూలలు నలిగిన పాత నవల తీసి, వెనుక అట్ట తెరిచి చూపించాడు.

"ఇది పోయిన ఎండకాలం మీరు చదివింది. పెద్దపల్లిల మా బావమరిది కాడికి పోయి తిరిగొచ్చింది. కింద ఎవలో రాసిన్రు. మీకు చూపెడ్దామని తెచ్చిన."

పైన తన రాతే ఉంది. 'పద్దెనిమిదేళ్ల పిల్ల పరీక్ష ముందు రోజు ప్రేమలో పడింది. పాసయిందా లేదా చెప్పకుండానే పెళ్లి చేసేశారు. పెళ్లి సంగతి తరువాత. ముందు పరీక్ష సంగతి చెప్పండి.'

దాని కింద గుండ్రటి పిల్లరాత. 'అక్కా, పెళ్లిచూపులున్నయని పరీక్షకు పోవద్దన్నరు. ఇది చదివి, ఏడ్చి లొల్లి పెట్టుకొని పోయిన. పాసయిన. ఫస్ట్ క్లాస్.'

సరళాదేవి రెండుసార్లు చదివింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషమే. ఎవరో తెలియని పిల్ల, సరళాదేవి రాయలేకపోయిన పరీక్ష రాసి వచ్చినట్టుంది.

"అవ్వకు చదివి చెప్పమ్మా," అన్నాడు దేవదాస్.

చదివి చెప్పింది. లీలాబాయి, "ఫస్ట్ క్లాసా," అంది.

దేవదాస్ కొత్త నవలలు సంచీలో పెట్టుకుంటూ, "సోమవారం మల్ల ఒకసారి ఇటు వస్త. ఊకెనే," అని వెళ్లాడు.

*

పొద్దు గూకే వేళకు జలపతిరావు వచ్చాడు. కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే ముందు రేడియో వైపు చూశాడు.

"ఇయ్యలేదా?"

"నేనే వద్దన్న," అంది లీలాబాయి. "కూర్చో."

"ఏందవ్వా?"

"కూర్చోమంటున్న గదా."

కూర్చున్నాడు. సరళాదేవి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"గా రాసింది నా మాట," అంది లీలాబాయి.

"రాత నీది కాదు గదా."

"చెయ్యి దానిది, మాట నాది. కండ్లు పోయినంక నా రాతలన్ని దాని చేతితోనే గదా. నేను చెప్తే రాసింది. నువ్వు మూడు దినాల సంది దాన్ని పరేషాన్ చేస్తున్నవ్."

జలపతిరావు తల్లి వైపు అనుమానంగా చూశాడు.

"నిన్నెవలు మాటన్నరు? నేనా?"

"నువ్వు కాదు. మీ బాపు."

ఎదురుగోడ మీద తండ్రి ఫోటో ఉంది. కాగితం పూల దండ. జలపతిరావు కళ్లు దాని మీదికి పోయి వెంటనే దిగాయి.

"నీకంటె ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. నీకు ఎరుకనా?"

"ఎవలో అనంగ విన్న."

"తొమ్మిది దినాలు బతికింది. పదోనాడు మీ బాపు ధర్మపురి నుంచి వచ్చిండు. పిల్ల పోయిందని చెప్పిన. చెప్పులు విడుసుకుంట 'ఆడపిల్లనే గదా' అన్నడు. కాళ్లకు నీళ్లడిగిండు. ఇచ్చిన."

లీలాబాయి గొంతులో వణుకు లేదు. ధాన్యం ఎన్ని బస్తాలైందో చెప్పినట్టు చెప్తోంది.

"ఆయన చెడ్డోడు కాదు. నన్ను ఎన్నడు కొట్టలే, తిట్టలే. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నడు. అందరు ఏడుస్తున్నరు. నాకు మాత్రం గా మాటనే యాదికొచ్చింది. గిప్పటికి నలభై ఆరేండ్లు. మూడు పూటలు వండి పెట్టిన. ఆయనకు యాదికి లేదు. నేను మరువలే."

జలపతిరావు నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. సరళాదేవి గుమ్మానికి ఆనుకుంది. తనను కాపాడడానికి అత్తగారు ఏదో కల్పించి చెప్తుందనుకుంది. ఆమె కల్పించలేదు. తన దగ్గరున్నదే తీసి ఇచ్చింది.

"నాకెన్నడు చెప్పలేదేందవ్వా," అన్నాడు జలపతిరావు.

"నువ్వు ఎన్నడడిగినవ్?"

*

ఆ పూట అన్నం వడ్డిస్తుంటే జలపతిరావు మొఖం తేటపడింది. తల్లి బాధకు బాధపడుతూనే ఉన్నాడు, అందులో అబద్ధం లేదు. కానీ మూడు రోజుల బరువు దిగిన మనిషి ఎంత దాచినా దాగదు.

"ఇంకింత పెట్టు," అన్నాడు.

సరళాదేవి పెట్టింది.

"నేనేమో నా మీద రాసినవనుకున్న. దామోదర్ గాడు నలుగుట్ల చదివితే నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ మాట అని ముందే చెప్తే అయిపోతుండె గదా. తొక్కు ఉన్నదా?"

తొక్కు వేసింది. వేసి, గరిటె జాడిలో పెట్టేసి అక్కడే నిలబడింది. ఊరుకుంటే అయిపోయేది. రేపు నవలలు కూడా వచ్చేవేమో. గోడవతల మంచం మీద అత్తగారు అటు తిరిగి పడుకుని ఉంది. ఆ తొమ్మిది రోజుల పిల్లను అడ్డం పెట్టుకుని తాను తప్పుకోవడం సరళాదేవికి చేతకాలేదు.

"అవ్వ చెప్పింది నిజమే," అంది. "గాని గా రాత అవ్వది కాదు. గా దినం అవ్వకు పానం మంచిగ లేక నిద్రపోయింది. రాసింది నేను. మాట నాదే."

జలపతిరావు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"నా మీదనేనా?"

"మీ మీదనే."

ఏ మాటకు అని అడుగుతాడనుకుంది. అడిగితే చెప్పడానికి పదకొండేళ్లుగా నోటికి వచ్చేసి ఉంది. ఆయన అడగలేదు. మొఖంలో ఏదో రంగు మారింది. కోపం కాదు. ఆ రంగు ఆమె ఎన్నడూ చూడలేదు.

పెట్టించుకున్న అన్నం వదిలేయడం ఆ ఇంట్లో లేదు. మెల్లగా తిన్నాడు, అంతా తిన్నాడు. చెయ్యి కడుక్కుని రేడియో దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకున్నాడు. మరునాడు దుకాణానికి పోతూ చంకలో పెట్టుకుపోయాడు.

"నేను కాపాడితే నువ్వెందుకు ముందట పడ్డవ్?" అంది లీలాబాయి పొద్దున్నే.

"మీ బిడ్డ పేరు చెప్పి నేను బతకాల్నా అత్తమ్మా?"

లీలాబాయి పీట మీద సర్దుకుని కూర్చుంది. కాసేపటికి, "దానికి పేరు గూడ పెట్టలే," అంది.

సరళాదేవి తొడుగు ఎత్తి రేడియో పెట్టింది. నాలుగో రోజుకు ఆ ఇంట్లో వార్తలు వినిపించాయి.

*

యూరియా గిరాకీ తగ్గిన రోజులు. దుకాణంలో ఈగలు తోలుకోవడం తప్ప పని లేదు. జలపతిరావు నవల చదువుతున్నాడని పక్క దుకాణంవాళ్ల ద్వారా వీధి వీధంతా తెలిసింది. ఇంటర్ తప్పాక ఆయన చదివిన మొదటి పుస్తకం అదే.

ఆదివారం అన్నం తింటూ ఉన్నట్టుండి అన్నాడు:

"గా పైలట్ గాడు ఇంటికాడనే ఉంటడేందవ్వా? మూడు వందల పేజీలల్ల ఒక్కసారి విమానం ఎక్కలే."

లీలాబాయి ఫక్కున నవ్వింది. "నేను గదే అన్న. నీ పెండ్లామే రాయలే."

"జీతమెవలిస్తున్నరు వానికి?"

"అత్తగారేమో," అంది సరళాదేవి.

ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక జలపతిరావు సరళాదేవి వైపు చూశాడు. ఏదో అడగాలనుకుని, అడగలేక, మజ్జిగ తాగి లేచాడు.

సోమవారం పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు. పుస్తకం రేడియో మీద ఉంది. ఈసారి ముందు అట్ట పైకి ఉంది.

చేతిలో పని ఉంచుకుని ముట్టుకోలేదామె. రెండు గంటలకు ఎప్పటిలాగే అత్తగారి పక్కన చాప వేసి కూర్చుంది.

"వాడేమన్న రాసిండా చూడు," అంది లీలాబాయి. "అంత చదివినోడు ఊకుంటడా?"

సరళాదేవి వెనుక అట్ట తెరిచింది. తన పెన్సిలు రాత కింద నాలుగు వరుసల నీలి సిరా. పెన్సిలుతోనే రాయాలన్న సంగతి ఆయన పట్టించుకోలేదు. దుకాణంలో రసీదులు రాసే పెన్నుతో రాశాడు. చివర రసీదు కింద వేసినట్టే సంతకం, తారీఖు.

"రాసిన్రు అత్తమ్మా."

"చదువు మరి."

"'నేను కూడ చదివిన. పైలట్ ఒక్కసారి కూడ విమానం ఎక్కలేదు. భర్త తప్పు ఒప్పుకున్న పేజీ ఒక్కటే బాగున్నది...'"

ఆమె కళ్లు మూడో వరుసకు దిగాయి.

'హాల్ టికెట్ రాలేదన్నది అబద్ధం. పరీక్షకు ఎనిమిది రోజుల ముందే వచ్చింది. నేనే దుకాణంల దాచిన. ఇన్నేండ్లు నీకు తెలిసి కూడ నన్ను ఒక్క మాట అనలేదని నీ రాత చూసేదాక నాకు తెల్వదు.'

ఆమెకు తెలియదు. ఇప్పుడు, ఈ వరుస చదివేదాకా, తెలియదు.

ఒక మాటను పదకొండేళ్లు మోసింది. ఆ మాట వెనుక ఇంత ఉందని అనుకోలేదు. పోస్టాఫీసును తిట్టుకుంది, యూనివర్సిటీని తిట్టుకుంది, తన తలరాతను తిట్టుకుంది. ఆ కాగితం నాలుగు వీధుల అవతల, యూరియా బస్తాల నడుమ, తన పేరుతో ఉండింది. చేతుల్లో పుస్తకం బరువెక్కింది.

"ఇంకేం రాసిండు?" అంది లీలాబాయి.

సందు చివర సైకిలు బెల్లు మోగింది.

"దేవదాస్ వస్తున్నడు," అంది లీలాబాయి. "ఇచ్చేముందు పూర్తిగ చదువు."

సరళాదేవి గొంతు సవరించుకుంది.

"అంతే అత్తమ్మా. కింద సంతకం, తారీఖు."

లీలాబాయి చింతపండు మీద చెయ్యి ఆపింది. కనిపించని కళ్లను కోడలి వైపు తిప్పింది.

"నడుమ ఏదో మింగినవ్," అంది.